ఆస్తి అప్పీలును హైకోర్టు ‘పరిధి లేదు’ అని కొట్టేస్తే

‘హైకోర్టులో చుక్కెదురు’ అని పేపర్లో హెడ్డింగ్ పడగానే ఆ భూమి అవతలివాళ్లదైపోయిందని ఊరంతా తేల్చేస్తుంది. విచారణ పరిధి, అంటే ఆ కేసు వినే అధికారం, లేదన్న కారణంతో అప్పీలు పోయినప్పుడు మాత్రం భూమి ఎవరిదన్న ప్రశ్న జోలికే హైకోర్టు వెళ్లదు. దస్తావేజు చెల్లుతుందా, వీలునామా అసలుదేనా, అడంగల్‌లో ఆ పేరు ఎలా ఎక్కింది, ఇలాంటివేవీ ఆ ఉత్తర్వులో కనపడవు. కింది కోర్టు డిక్రీ (తీర్పు ప్రకారం రాసిన అమలు ఆదేశం) ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. ఇబ్బంది కూడా అక్కడే. డిక్రీ బతికే ఉంది, దాన్ని ఆపిన స్టే పోయింది, గడువు నడుస్తోంది.

కాబట్టి ఉత్తర్వు చేతికి రాగానే ముందు చివరి పేరా చదవండి. అక్కడ మూడు రకాల మాటల్లో ఒకటి ఉంటుంది. ‘తగిన కోర్టులో దాఖలు చేసుకోవడానికి అప్పీలు మెమో (అప్పీలు దరఖాస్తు) వాపసు’ అని ఉంటే అన్నిటికన్నా మేలు. అదే మెమో, అదే కోర్టు ఫీజు, కోర్టు వేసిన ఎండార్స్‌మెంట్‌తో (కాగితం మీద రాసిన నోటుతో) పాటు మీ చేతికొస్తాయి. తేదీలన్నీ దాని మీదే ఉంటాయి. ‘విచారణార్హం కాదు, డిస్మిస్’ అని మాత్రమే ఉంటే కొత్త మెమో తయారు చేసుకోవాలి, కట్టిన ఫీజు సంగతి విడిగా తేల్చుకోవాలి. ‘ఉపసంహరించుకున్నందున డిస్మిస్, తగిన కోర్టుకు వెళ్లే స్వేచ్ఛ ఉంది’ అన్నది మూడోది. ఈ ‘స్వేచ్ఛ’ అన్న మాట మీద చాలామంది లేనిపోని నమ్మకం పెట్టుకుంటారు. దానివల్ల కాలపరిమితి ఒక్క రోజు కూడా పెరగదు.

సరైన పద్ధతి వాపసు ఇవ్వడమే. దావా తప్పు కోర్టులో పడితే ప్లెయింటు (దావా పత్రం) తిరిగివ్వాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 7 రూల్ 10 చెబుతుంది. మొదటి కోర్టుకుండే అధికారాలు అప్పీలు కోర్టుకూ ఉంటాయని సెక్షన్ 107 అంటుంది కాబట్టి అప్పీలు మెమోకూ అదే దారి. వాదనల్లో మొగ్గు ఎటుందో తెలిసిపోగానే, జడ్జిగారు ఉత్తర్వు చెప్పేలోపే ‘వాపసు ఇప్పించండి’ అని అడగడం మీ వకీలు చేయాల్సిన పని. నోరు తెరిచి అడగని చోట రెండు లైన్ల డిస్మిసల్ వచ్చేస్తుంది.

అసలు ఇలాంటి అప్పీళ్లు హైకోర్టుదాకా ఎందుకొస్తాయంటే, ఎక్కువసార్లు విలువ లెక్క దగ్గర జరిగే పొరపాటు వల్ల. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు జూనియర్ సివిల్ జడ్జి కోర్టు 20 లక్షల దాకా, సీనియర్ సివిల్ జడ్జి కోర్టు 50 లక్షల దాకా, ఆపైన జిల్లా కోర్టు దావాలు తీసుకుంటాయి. జిల్లా కోర్టు తానే మొదట విచారించిన దావా మీద మొదటి అప్పీలు హైకోర్టుకు వెళ్తుంది. కింది రెండు కోర్టుల డిక్రీల మీద జిల్లా కోర్టుకు వెళ్లాలి. ఇక్కడ లెక్కలోకొచ్చేది ప్లెయింటులో రాసిన విలువ. ఇవాళ్టి రేటుకు ఆ విలువతో సంబంధం లేదు.

ఆ విలువ ఎలా కడతారో చూడండి. 1956 నాటి కోర్టు ఫీజులు, దావాల విలువ చట్టంలో సెక్షన్ 24 ప్రకారం స్థిరాస్తి మీద హక్కు ప్రకటన, దాంతోపాటు స్వాధీనం అడిగితే మార్కెట్ విలువలో నాలుగింట మూడు వంతుల మీద ఫీజు. హక్కు ప్రకటన, దానికి అనుబంధంగా ఇంజంక్షన్ (జోక్యం చేసుకోవద్దన్న ఆదేశం) అడిగితే సగం మీద. పరిధికి వేరే లెక్క చెప్పని చోట ఫీజు విలువే పరిధి విలువ. ప్లెయింటు వేసిన నాటికి 96 లక్షలు పలికే ఇంటిస్థలం ఉందనుకోండి. స్వాధీనం కూడా అడిగితే దావా విలువ 72 లక్షలు, జిల్లా కోర్టు. స్వాధీనం మీ దగ్గరే ఉండి ఇంజంక్షన్ చాలనుకుంటే 48 లక్షలు, సీనియర్ సివిల్ జడ్జి కోర్టు. స్థలం ఒకటే, దస్తావేజు ఒకటే, కోర్కె మారేసరికి కోర్టు మారింది, దాంతో అప్పీలు వెళ్లే చోటూ మారింది. తీర్పు వచ్చేనాటికి ఆ స్థలం మూడు కోట్లయి ఉంటుంది. ‘ఇంత పెద్ద ఆస్తి కేసు హైకోర్టులో కాక ఎక్కడ వేస్తాం’ అని నేరుగా అక్కడికి వెళ్తారు.

రిజిస్ట్రీలో స్క్రూటినీ దశలోనే ఇది పట్టుబడాలి. ఎస్సార్ నంబరు (దాఖలు చేయగానే వేసే తాత్కాలిక నంబరు) పడిన కాగితాలు ఆఫీసు అభ్యంతరంతో తిరిగొస్తాయి. అభ్యంతరంలో ‘విలువ ప్రకారం ఈ కోర్టులో అప్పీలు ఎలా నిలుస్తుందో చెప్పండి’ అన్న ముక్క ఉంటే, ఏదో ఒక జవాబు రాసి మళ్లీ సమర్పించి నంబరు వేయించుకోవడం గెలుపేం కాదు. నాలుగేళ్ల తర్వాత తుది విచారణలో అదే ప్రశ్న అవతలి వకీలు లేవనెత్తుతాడు. ఆ నాలుగేళ్లకు లెక్క చెప్పుకోవాల్సింది మీరే. పైగా ఆఫీసు ముందే హెచ్చరించిందన్న కాగితం రికార్డులో ఉంటుంది.

పాత దావాల్లో ఇంకో మెలిక ఉంది. కోర్టుల ఆర్థిక పరిమితులు మునుపు చాలా తక్కువగా ఉండేవి, తర్వాత పెరిగాయి. దావా పాత చట్టం కింద వేసి, తీర్పు కొత్త చట్టం వచ్చాక వస్తే అప్పీలు ఎటు? దీనికి మూలమైన తీర్పు మన బాపట్ల కేసే. 1949లో బాపట్ల సబ్ కోర్టులో వేసిన దావాలో పుట్టిన గరికపాటి వీరయ్య కేసును 1957లో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పీలు హక్కు దావా వేసిన రోజే కక్షిదారుకు దఖలు పడుతుంది, తర్వాత వచ్చిన చట్టం స్పష్టంగానో తప్పనిసరి అర్థంగానో తీసేస్తే తప్ప అది పోదు అని. అందుకే విలువ ఎంత అని చూసేముందు దావా నంబరు పక్కనున్న సంవత్సరం చూడాలి. ఆ తర్వాత, పరిమితి పెంచిన సవరణ చట్టంలో పెండింగ్ కేసుల గురించి రాసిన సెక్షన్ ఉందేమో వెతకాలి. ఉంటే దానిదే పైచేయి.

ఇక అసలు ఉచ్చు 30, 90 అంకెల మధ్య ఉంది. లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 116 ప్రకారం హైకోర్టుకు అప్పీలైతే 90 రోజులు, మరే కోర్టుకైనా 30 రోజులు. హైకోర్టు అనుకుని 75వ రోజున దాఖలు చేశారనుకోండి. గడువులోనే ఉందని అందరూ నిశ్చింతగా ఉంటారు. మూడేళ్లకు మెమో వాపసొచ్చింది, జిల్లా కోర్టుకు తీసుకెళ్లారు. తప్పు కోర్టులో గడిచిన మూడేళ్లకు ఏదో ఒక రక్షణ దొరుకుతుంది. కానీ 30వ రోజు నుంచి 75వ రోజు దాకా ఉన్న 45 రోజులు ఎక్కడా దాఖలు చేయకుండా గడిచినవి. ఆ 45 రోజులకు విడిగా కారణం చెప్పాలి. ‘హైకోర్టులో కేసు నడిపాం కాబట్టి ఆలస్యమైంది’ అన్న ఒక్క వాక్యంతో వేసిన అఫిడవిట్లు ఇక్కడే దెబ్బతింటాయి. 90 రోజుల గడువని ఏ కాగితం ఆధారంగా నమ్మారో, ఏ సలహా మీద నడిచారో, ఏ తేదీన ఎవరిని కలిశారో రాయాలి.

తప్పు కోర్టులో గడిచిన కాలం గురించి లిమిటేషన్ చట్టం సెక్షన్ 14 అని అందరూ గబుక్కున అంటారు. ఆ సెక్షన్ దావాలకు, దరఖాస్తులకు మాత్రమే. అప్పీలుకు నేరుగా వర్తించదు. అప్పీలుదారు వెళ్లాల్సింది సెక్షన్ 5 కింద జాప్యం మన్నింపుకు, ‘తగిన కారణం’ అనడానికి సెక్షన్ 14 సూత్రాన్ని ఆసరా చేసుకుంటూ. 2008లో కన్సాలిడేటెడ్ ఇంజినీరింగ్ ఎంటర్‌ప్రైజెస్ కేసులో సుప్రీంకోర్టు సెక్షన్ 14 షరతులను వరసగా చెప్పింది. మునుపటి, ఇప్పటి ప్రొసీడింగ్స్ రెండూ సివిల్ స్వభావంవై ఉండాలి, నడిపింది ఒకే పక్షం కావాలి, శ్రద్ధగా, సద్బుద్ధితో నడిపి ఉండాలి, విఫలమవడానికి కారణం పరిధి లోపమో అలాంటి మరో లోపమో అయి ఉండాలి, విషయం ఒకటే కావాలి, రెండూ కోర్టులోనే జరగాలి. వీటిలో ‘సద్బుద్ధి’ దగ్గరే ఎక్కువమంది జారిపడతారు. ఈ చట్టంలో దానర్థం తగిన శ్రద్ధ, జాగ్రత్త. దురుద్దేశం లేదంటే సరిపోదు. పరిధి లేదని అవతలి పక్షం కౌంటర్లో రాసిన తర్వాత కూడా ఏళ్ల తరబడి సాగదీస్తే, ఆ కౌంటరు తేదీ నుంచి మీ శ్రద్ధ ఏమైందని అడుగుతారు.

కింది కోర్టు తీర్పు సర్టిఫైడ్ కాపీ (కోర్టు ధ్రువీకరించిన నకలు) వెనకవైపు ఒకసారి చూడండి. చిన్న ముద్రలో వరసగా తేదీలుంటాయి: దరఖాస్తు పెట్టిన రోజు, స్టాంపులు కోరిన రోజు, స్టాంపులు దాఖలైన రోజు, నకలు సిద్ధమైన రోజు, అందజేసిన రోజు. సెక్షన్ 12 కింద మినహాయింపు దొరికేది నకలు కోసం కోర్టుకు పట్టిన సమయానికి. స్టాంపులు కోరాక మీరు పది రోజులు కట్టకపోతే ఆ పది రోజులు మీ ఖాతాలోనే. నకలు సిద్ధమయ్యాక తీసుకోకుండా వదిలేసినవీ అంతే. హైకోర్టు ఉత్తర్వు నకలుకు కూడా ఉత్తర్వు వచ్చిన రోజే దరఖాస్తు పెట్టండి. ఉత్తర్వు వచ్చిన రోజుకీ జిల్లా కోర్టులో దాఖలుకీ మధ్య ఉన్న ప్రతి రోజుకూ కాగితం చూపించాలి. ఇన్ని రోజుల్లో వెళ్లాలని రాసి ఉండదు, కానీ రెండు వారాలు దాటితే అఫిడవిట్ కష్టమవుతుంది.

ఈ లోపు స్టే సంగతేమిటి? అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ అమలు ఆగదని ఆర్డర్ 41 రూల్ 5 మొదట్లోనే చెబుతుంది. హైకోర్టు ఇచ్చిన మధ్యంతర స్టే అప్పీలుతో పాటే పోతుంది. కొత్త కోర్టులో జాప్యం మన్నింపు దరఖాస్తు వేస్తారు కదా, అక్కడ రూల్ 3ఏ అడ్డొస్తుంది. ఆ దరఖాస్తు పెండింగ్‌లో ఉండగా, అప్పీలు వింటామని రూల్ 11 కింద కోర్టు నిర్ణయించేదాకా అమలు మీద స్టే ఇవ్వకూడదు. అంటే మధ్యలో కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు, ఏ రక్షణా లేకుండా ఉంటారు. ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) పడి, స్వాధీనం వారంటు పట్టుకుని అమీనా గేటు ముందుకొచ్చేది సరిగ్గా ఆ సందులోనే. అందుకని హైకోర్టులో ఉత్తర్వు చెప్పే రోజునే ‘నాలుగు వారాలో ఆరు వారాలో ఉన్న స్థితి కొనసాగించండి’ అని అడిగి ఉత్తర్వులో రాయించుకోవాలి. మరుసటి వారం విడిగా పిటిషన్ వేసి అడిగితే ‘అప్పీలే లేదు, ఎందులో ఇవ్వమంటారు’ అన్న ప్రశ్న వస్తుంది.

రిట్ దారిలో వెళ్లినవాళ్లది ఇంకో కథ. తహసీల్దారు మ్యుటేషన్ తప్పనో, పోలీసులు జోక్యం చేసుకుంటున్నారనో రాజ్యాంగం ఆర్టికల్ 226 కింద రిట్ పిటిషన్‌తో వెళ్లి, లోపల్లోపల అడిగేది హక్కు తేల్చమని. ప్రైవేటు వ్యక్తుల మధ్య హక్కు, స్వాధీనం తగాదాలు రిట్‌లో తేల్చకూడదని 2018లో రోషినా కేసులో సుప్రీంకోర్టు కేరళ హైకోర్టు ఉత్తర్వును పక్కన పెట్టింది. మన హైకోర్టుల్లోనూ రిట్, దాని మీద రిట్ అప్పీలు ‘సివిల్ కోర్టుకు వెళ్లండి’ అంటూ ముగుస్తుంటాయి. ఇక్కడ ఒక లాభం ఉంది. తర్వాత వేసేది దావా కాబట్టి సెక్షన్ 14 నేరుగా దొరుకుతుంది. హక్కు ప్రకటనకు లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 58 కింద ఉన్నది మూడేళ్లే, హక్కు ఆధారంగా స్వాధీనానికైతే ఆర్టికల్ 65 కింద పన్నెండేళ్లు. రిట్‌లో గడిచిన కాలాన్ని మినహాయించమని అడిగితే సరిపోదు, ఏ కారణంతో మినహాయింపు కోరుతున్నారో ప్లెయింటులోనే రాయాలని ఆర్డర్ 7 రూల్ 6 ఉంది. చాలా ప్లెయింట్లలో ఆ పేరానే ఉండదు.

సివిల్ కోర్టుకే పరిధి లేని ఆస్తులూ ఉన్నాయి. వక్ఫ్ ఆస్తి అని నోటిఫై అయినదైతే ట్రిబ్యునల్. ట్రిబ్యునల్ తీర్పు మీద హైకోర్టుకు 2025 సవరణ దాకా రివిజన్ మాత్రమే ఉండేది, ఇప్పుడు 90 రోజుల్లో అప్పీలు. దేవాదాయ భూములకు 1987 చట్టం సెక్షన్ 87, 151 చూసుకోవాలి. ఏజెన్సీ భూమైతే 1/70 (గిరిజన ప్రాంతాల్లో భూ బదలాయింపును నియంత్రించే చట్టం) కింద వ్యవహారం స్పెషల్ డిప్యూటీ కలెక్టరు దగ్గర మొదలై ఏజెంటుకు (ఏజెన్సీ ప్రాంతంలో ప్రభుత్వం తరఫున ఉండే అధికారికి), అక్కణ్నుంచి ప్రభుత్వానికి వెళ్తుంది. పట్టాదారు పాసు పుస్తకాల తగాదాలకు తెలంగాణలో 2020 చట్టం అప్పీలు దశలనే తీసేసింది, 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకొచ్చిన భూభారతి చట్టం వాటిని తిరిగి తెచ్చింది. ఇవన్నీ రికార్డుల్లో పేరు గురించి. హక్కు ఎవరిదో తేల్చేది మాత్రం ఇప్పటికీ సివిల్ కోర్టే.

ఇవతల ఇంకో సందర్భం ఉంది, దీన్ని పైదాంతో కలిపేయకూడదు. అప్పీలు సరైన చోటే పడింది, అయితే అసలు దావానే తప్పు కోర్టులో నడిచిందని అప్పీల్లో తేలితే? ప్రాంతం, విలువ గురించిన అభ్యంతరమైతే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 21 అడ్డుపడుతుంది. మొదటి కోర్టులో, వీలైనంత త్వరగా, ఇష్యూలు (కోర్టు తేల్చాల్సిన ప్రశ్నలు) ఖరారు కాకముందే చెప్పి ఉండాలి, పైగా దానివల్ల అన్యాయం జరిగిందని చూపాలి. లేదంటే అప్పీలు కోర్టు ఆ మాట వినదు. 1954లో కిరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే, అక్కడ విలువ తక్కువ వేయడం వల్ల అప్పీలే వేరే కోర్టు విన్నది, అయినా నష్టం చూపలేదు కాబట్టి తీర్పు నిలబడింది. విషయం మీదే పరిధి లేకపోతే, అంటే వక్ఫ్ ట్రిబ్యునల్ వినాల్సింది సివిల్ కోర్టు వింటే, మౌనంగా ఉన్నా, ఒప్పుకున్నా పరిధి పుట్టదు. ‘తగాదా వస్తే ఫలానా నగరం కోర్టులోనే’ అని అగ్రిమెంటులో రాసుకున్నా అంతే. 2005లో హర్షద్ చిమన్‌లాల్ మోదీ కేసులో గుర్‌గావ్ ప్లాటు కోసం ఢిల్లీలో వేసిన దావా అందుకే నిలవలేదు. సెక్షన్ 16 ప్రకారం భూమి ఎక్కడుందో కోర్టు అక్కడే. ఇలాంటి చోట హైకోర్టు చేయాల్సింది డిక్రీ రద్దు చేసి, ప్లెయింటు వాపసుకు ఆదేశించడం. ఆర్డర్ 7 రూల్ 10 కింద వివరణలో అది రాసే ఉంది. ప్లెయింటు వాపసైతే కొత్త కోర్టులో విచారణ మొదటినుంచి నడుస్తుందని 2020లో ఈఎక్స్‌ఎల్ కెరీర్స్ కేసులో ముగ్గురు జడ్జిల బెంచ్ చెప్పింది. పాత సాక్ష్యాలు నడుస్తాయిలే అని ధీమాగా ఉండకండి.

రెండు దావాలు కలిపి ఒకే తీర్పు వచ్చిన కేసుల్లో మరీ జాగ్రత్త. మీ హక్కు ప్రకటన దావా 72 లక్షలది, అవతలివాళ్ల ఇంజంక్షన్ దావా చిన్నదే అయినా కలిపి విచారించడం కోసం జిల్లా కోర్టుకు బదిలీ అయిందనుకోండి. డిక్రీలు రెండు. రెండింటి మీదా అప్పీలు వేయాలి. ఒక్కదాని మీదే వేసినా, రెండోది సాంకేతిక కారణంతో పోయినా, అందులోని నిర్ణయం రెస్ జ్యుడికేటాగా (ఒకసారి తేలిపోయిన విషయాన్ని మళ్లీ తెరవకూడదన్న నియమంగా) మొదటి అప్పీలుకు గొంతు బిగిస్తుంది. గడువు దాటిందన్న కారణంతో అప్పీలు పోయినా కింది కోర్టు నిర్ణయం ఖరారైనట్టేనని 1966లోనే షియోదన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అంది. ఒక అప్పీలు హైకోర్టులో, మరొకటి జిల్లా కోర్టులో పడే పరిస్థితొస్తే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 24 కింద రెండోదాన్ని హైకోర్టుకు తెప్పించుకోమని దరఖాస్తు చేయవచ్చు.

హైకోర్టు విలువ లెక్కే తప్పు వేసిందనిపిస్తే? సింగిల్ జడ్జి అప్పీల్లో ఇచ్చిన తీర్పు మీద అదే హైకోర్టులో మరో అప్పీలు లేదు, సెక్షన్ 100ఏ దాన్ని మూసేసింది. ఉత్తర్వు చదవగానే పైకి కనిపించే పొరపాటుంటే 30 రోజుల్లో రివ్యూ, లేదంటే 90 రోజుల్లో సుప్రీంకోర్టుకు స్పెషల్ లీవ్ పిటిషన్. విలువ తగాదా మీద ఢిల్లీ దాకా వెళ్లడం కన్నా జిల్లా కోర్టులో అప్పీలు వేసుకోవడమే చాలాసార్లు తక్కువ ఖర్చు, తక్కువ కాలం. అక్కడ ఓడినా, చట్టపరమైన ముఖ్య ప్రశ్న ఉంటే సెక్షన్ 100 కింద సెకండ్ అప్పీలుతో హైకోర్టు తలుపు మళ్లీ తెరుచుకుంటుంది. నేరుగా ఫస్ట్ అప్పీలు హైకోర్టులో వినిపించుకున్నవాళ్లకు ఆ రెండో మెట్టు ఉండదు.

డిక్రీ గెలిచిన పక్షానికి కూడా పని ఉంది. అప్పీలు వాపసైన రోజే జిల్లా కోర్టులో సెక్షన్ 148ఏ కింద కేవియట్ (మాకు నోటీసివ్వకుండా ఉత్తర్వివ్వద్దన్న దరఖాస్తు) వేయండి, అది 90 రోజులు పనిచేస్తుంది, మీకు చెప్పకుండా స్టే రాదు. ఈపీకి లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 136 కింద పన్నెండేళ్ల గడువుంది కాబట్టి తొందర లేదనుకోవచ్చు, కానీ పైన చెప్పిన ఆ స్టే లేని వారాలు మళ్లీ రావు. స్వాధీనం తీసుకున్నాక మాత్రం ఆ స్థలంలో పునాదులు తవ్వి శ్లాబు వేసేముందు ఆలోచించండి. జిల్లా కోర్టు జాప్యం మన్నించి, చివరికి డిక్రీ తిరగబడితే సెక్షన్ 144 కింద స్థలం వెనక్కి అప్పగించాలి, అనుభవించిన ఆదాయానికి లెక్క కూడా చెప్పాలి.